మానవ భూగోళ శాస్త్రంలో ఆనర్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా అడ్మిషన్లప్పుడు, మళ్లీ ఆఖరి ఏడాది ప్రాజెక్టులప్పుడు జూనియర్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మర్చిపోతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు ఏ ప్రశ్న ఉంటే అది తెరిచి చదువుకోండి, దేని జవాబు దానిలోనే ఉంటుంది.

## చేరే ముందు

జాగ్రఫీ అంటే నదులు, కొండలు, రాజధానుల పేర్లే కదా? మధ్యలో ఈ "మానవ" ఏంటి?

కృష్ణానది ఎక్కడ పుట్టింది, లోయ ఎలా తయారైంది అన్నది భౌతిక భూగోళం. అదే నది మీద శ్రీశైలం దగ్గర ఆనకట్ట కడితే ఏ ఊళ్లు మునిగాయి, ఆ జనం ఎక్కడికి పోయారు, కొత్త చోట వాళ్లకు పొలం దొరికిందా కూలి దొరికిందా అన్నది మానవ భూగోళం. వలసలు, ఊళ్లు, పట్టణాలు, సాగు, పరిశ్రమలు, కులం, భాష, ఆరోగ్యం అన్నీ ఇందులోకి వస్తాయి. అయితే ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటే: "ఇది ఇక్కడే ఎందుకు ఉంది? పక్క ఊళ్లో ఎందుకు లేదు?" ఈ ప్రశ్న మీకు ఆసక్తిగా అనిపిస్తే ఈ సబ్జెక్టు మీది.

మామూలు డిగ్రీకి, ఆనర్స్‌కు తేడా ఏంటి?

యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన పద్ధతి ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. నాలుగో ఏడాదిలో రెండు దారులు ఉంటాయి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన వచ్చినవాళ్లు "ఆనర్స్ విత్ రీసెర్చ్" తీసుకోవచ్చు. అందులో 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు ఉంటుంది. మిగతావాళ్లు ఆ 12 క్రెడిట్లకు బదులు పై స్థాయి పేపర్లు చదివి ఆనర్స్ పూర్తి చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి మొదటి ఏడాదిలోనే ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఎంచుకునే పద్ధతి తెచ్చారు. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి చేరే ఏడాది నోటిఫికేషన్ తప్పకుండా చదవండి.

ఇక్కడే చదవాలా? ఢిల్లీ వెళ్లాలా?

మన దగ్గర ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో జాగ్రఫీ విభాగాలు ఉన్నాయి. చిక్కల్లా డిగ్రీ కాలేజీల దగ్గరే. జాగ్రఫీ మేజర్ ఉన్న కాలేజీలు తక్కువ. ఢిల్లీ యూనివర్సిటీలో కిరోరీమల్, మిరాండా హౌస్ లాంటి కాలేజీల్లో జాగ్రఫీ ఆనర్స్ ఉంది. 2022 నుంచి అక్కడ సీట్లు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారానే ఇస్తున్నారు.

పేరు చూసి మాత్రం తేల్చుకోకండి. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒకసారి కాలేజీకి వెళ్లి మూడు సంగతులు కనుక్కోండి. జాగ్రఫీకి పర్మనెంట్ లెక్చరర్ ఉన్నారా? ల్యాబ్‌లో కంప్యూటర్లు నడుస్తున్నాయా? పోయినేడు పిల్లల్ని ఫీల్డ్‌కు ఎక్కడికి తీసుకెళ్లారు? మూడో ప్రశ్నకు ఊరి పేరుతో జవాబు వస్తే అక్కడ ధైర్యంగా చేరొచ్చు.

ఇంటర్‌లో జాగ్రఫీ లేదు. ఎంపీసీ వాళ్లు చేరొచ్చా?

చేరొచ్చు. ఇంటర్‌లో జాగ్రఫీ చదివినవాళ్లు క్లాసులో ఎప్పుడూ తక్కువే ఉంటారు. ఎంపీసీ వాళ్లకు లెక్కలు, సీఈసీ వాళ్లకు ఆర్థిక శాస్త్రం కలిసొస్తాయి. చేరేముందు ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల జాగ్రఫీ పుస్తకాలు ఒకసారి చదివితే చాలు.

నాది తెలుగు మీడియం. నెగ్గుకురాగలనా?

మొదటి రెండు సెమిస్టర్లు కష్టంగానే ఉంటుంది. నేను కూడా అలాగే వచ్చాను. పదాల నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. ఎడమ పేజీలో ఇంగ్లిష్ పదం, కుడి పేజీలో తెలుగులో దాని అర్థం, కింద మీ ఊరి నుంచి ఒక ఉదాహరణ. నేను సెటిల్‌మెంట్ ప్యాటర్న్ (ఊళ్లో ఇళ్లు అమరిన తీరు) అన్న మాట కింద మా మండలంలో రోడ్డు పొడవునా సాగిన ఊరి బొమ్మ వేసుకున్నాను. ఆ తర్వాత ఆ మాట మర్చిపోలేదు. ఫీల్డ్‌కు వెళ్లే రోజు వచ్చేసరికి తెలుగే మీకు పెద్ద బలం అవుతుంది. రైతు మాట్లాడే మాటను నేరుగా అందుకోగలిగేది మీరే.

## మొదటి మూడేళ్లు

ఇన్ని సిద్ధాంతాలు, ఇన్ని పేర్లు ఎలా గుర్తుంటాయి?

బట్టీ పడితే గుర్తుండవు. ఎవరు, ఎప్పుడు, ఏ ప్రాంతాన్ని చూసి చెప్పారో ముందు తెలుసుకోండి. తర్వాత ఆ మాట మన దగ్గర ఎంతవరకు నిలుస్తుందో చూడండి.

ఫాన్ థ్యూనెన్ 1826లో ఉత్తర జర్మనీలో సొంత ఎస్టేట్ నడుపుతూ నగరం చుట్టూ సాగు వలయాల సంగతి చెప్పాడు. త్వరగా పాడయ్యేవి దగ్గర, నిలవుండేవి దూరం. హైదరాబాద్ చుట్టూ చూడండి. చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి కూరగాయలు, పూలు తెల్లారకముందే నగరానికి వస్తాయి. అంతవరకు సిద్ధాంతం నిలిచినట్టే. కానీ అదే దారిలో పొలాల మధ్య వెంచర్ల రాళ్లు కనిపిస్తాయి. అక్కడ భూమి ధరను పంట నిర్ణయించడం లేదు, ప్లాటు నిర్ణయిస్తోంది. ఆ తేడా ఎందుకొచ్చిందో రాయగలిగితే అదే ఆనర్స్ స్థాయి జవాబు.

రావెన్‌స్టైన్ 1885లో వలస నియమాలు చెప్పాడు. ఎక్కువమంది దగ్గరికే వెళ్తారు, దూరం వెళ్లేవాళ్లు పెద్ద వాణిజ్య కేంద్రాలకు వెళ్తారు అన్నాడు. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లను ఈ నియమాల పక్కన పెట్టి చూడండి. రెండోది సరిపోతుంది. అయితే వీసా, ఏజెంటు, అప్పు అనే మూడు ముక్కలు 1885 నాటి నియమాల్లో దొరకవు. పాలమూరు నుంచి గుంపుమేస్త్రీ (కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లే కాంట్రాక్టరు) వెంట వెళ్లే కూలీలను పెడితే ఇంకో బొమ్మ వస్తుంది.

లెక్కలంటే టెన్షన్. స్టాటిస్టిక్స్ ఎంత ఉంటుంది?

ఉంటుంది, తప్పించుకోలేం. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, కై-స్క్వేర్, ఇంకా జాగ్రఫీకే ప్రత్యేకమైన కొలతలు కొన్ని. వాటిలో లొకేషన్ కోషెంట్ చూడండి. ఒక మండలంలో వంద మంది పనివాళ్లలో 12 మంది చేనేతవాళ్లు, జిల్లా మొత్తంలో వందకు ముగ్గురు అనుకోండి. 12ను 3తో భాగిస్తే 4. అంటే ఆ మండలంలో నేత పని జిల్లా సగటుకు నాలుగింతలు కేంద్రీకృతమైంది. పదో తరగతి లెక్కలు చాలు. కష్టమంతా ఆ నాలుగుకు కారణం చెప్పడంలోనే ఉంది.

జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు చేసి విశ్లేషించే పద్ధతి) తప్పనిసరిగా నేర్చుకోవాలా? ఖరీదైన ల్యాప్‌టాప్ కొనాలా?

నేర్చుకోండి. ల్యాప్‌టాప్ మామూలుది చాలు, ర్యామ్ 8 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు. దానికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆ మ్యాపు మీద 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. ఇస్రో వాళ్ల మ్యాపుల వెబ్‌సైట్ భువన్ 2009 నుంచి ఉంది. దాన్ని నడిపే ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) మన హైదరాబాద్‌లోనే ఉంది.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటి చెప్తాను. అక్షాంశ రేఖాంశాల్లో ఉన్న మ్యాపు మీద నేరుగా దూరం కొలుస్తారు. జవాబు ఒక్కోసారి డిగ్రీల్లో వస్తుంది, అది కిలోమీటర్లు అనుకుంటారు. ముందు యూటీఎం ప్రొజెక్షన్‌లోకి, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతిలోకి, మార్చండి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 44వ జోన్‌లో పడుతుంది. జహీరాబాద్, ఆదోని లాంటి చోట్లు 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పడమరగా ఉన్నాయి కాబట్టి 43లోకి వస్తాయి. ఇచ్ఛాపురం అయితే 45.

నాకు మానవ భూగోళమే ఇష్టం. వాతావరణం, శిలలు వదిలేయొచ్చా?

వదలకండి. నల్లరేగడికి, ఎర్రనేలకు తేడా తెలియకుండా పత్తి ఎందుకు వేశారో చెప్పలేరు. మూడేళ్లు రెండూ చదవండి, నాలుగో ఏడాదిలో మీ దారి మీరు ఎంచుకోవచ్చు.

## అంశం ఎంచుకోవడం

డిసర్టేషన్‌కు (ఆఖరి ఏడాది పరిశోధన నివేదికకు) టాపిక్ ఎలా పట్టుకోవాలి?

అందరూ ఇక్కడే ఇరుక్కుపోతారు. "తెలంగాణలో వలసలు", "ఆంధ్రప్రదేశ్‌లో పట్టణీకరణ" లాంటివి పెట్టుకుంటే ఏడాది మొత్తం ఇంటర్నెట్‌లో కాపీ చేసిన పేరాలతో గడిచిపోతుంది. నేను చెప్పే కొలత ఒకటే: మీ అధ్యయన ప్రాంతం మీరు కాలినడకన తిరగగలిగినంత ఉండాలి, రూమ్ నుంచి బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలగాలి.

కొన్ని ఆలోచనలు: ఒక రైతుబజార్‌కు ఏ ఊళ్ల నుంచి రైతులు వస్తున్నారు, ఏ ఊళ్ల వాళ్లు ఎందుకు రావడం లేదు. ఒక మున్సిపాలిటీలో కొత్తగా కలిసిన గ్రామానికి ఏం మారింది. శ్రీకాకుళం తీరంలో ఒక మత్స్యకార గ్రామం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్లే మగవాళ్లు, వాళ్లు లేని నెలల్లో ఇల్లు నడిపే ఆడవాళ్లు. సిటీలో ఒక అడ్డా మీద పొద్దున్నే నిలబడే కూలీలు ఏ జిల్లాల వాళ్లు. ఇవన్నీ చిన్నవిగా కనిపిస్తాయి. కానీ ఒక్కొక్కటి తవ్వితే ఏడాది సరిపోదు.

సొంత ఊరి మీద చేయొచ్చా?

చేయొచ్చు, తలుపులు త్వరగా తెరుచుకుంటాయి. ప్రమాదం ఒకటుంది. "ఇది నాకు తెలిసిందేగా" అని అడగడం మానేస్తారు. ఊళ్లో మీరెప్పుడూ అడుగుపెట్టని వీధి ఒకటి తప్పకుండా ఉంటుంది. సర్వే అక్కడి నుంచి మొదలుపెట్టండి.

గైడ్ ఇచ్చిన టాపిక్ నచ్చలేదు. ఎలా చెప్పాలి?

వద్దని మాత్రం చెప్పి ఊరుకోకండి. మీ టాపిక్ మీద ఒక పేజీ రాసుకుని వెళ్లండి: ప్రశ్న, ప్రాంతం, డేటా ఎక్కడ దొరుకుతుంది, ఎన్ని రోజులు పడుతుంది. ఈ నాలుగూ రాసుకెళ్తే చాలామంది గైడ్లు ఒప్పుకుంటారు.

## ఫీల్డ్‌లో

ఊళ్లో దిగాక మొదట ఏం చేయాలి?

ప్రశ్నాపత్రం బయటికి తీయకండి. విభాగం ఇచ్చిన లెటర్ పంచాయతీ కార్యదర్శికి చూపించి, ఊరంతా ఒకసారి నడవండి. తెలంగాణలో అయితే బొడ్రాయి (ఊరి నడుమ పాతిన రాయి) దగ్గర మొదలుపెట్టండి. ఊరు ఎక్కడ పుట్టిందో అది చెప్తుంది. అక్కడి నుంచి పాత ఇళ్లు, గుడి, చెరువు దారి, కొత్త కాలనీ, స్కూలు, వాటర్ ట్యాంకు ఒక్కొక్కటి చేత్తో గీసుకోండి. ఆ చేతి మ్యాపును డిసర్టేషన్‌లో పెట్టండి. శాటిలైట్ బొమ్మలో కనిపించని వాడల పేర్లు దాని మీద ఉంటాయి.

జనం సరిగ్గా జవాబు చెప్పడం లేదు. ఏం చేయాలి?

తప్పు సాధారణంగా ప్రశ్నలోనే ఉంటుంది. నేను ఆఖరి ఏడాది వారపు సంతల మీద పనిచేశాను. మొదటి వారం ఎండుమిర్చి అమ్మే ఒక పెద్దమ్మ ముందు నిలబడి, చేతిలో కాగితాలు పట్టుకుని "మీ నెల ఆదాయం ఎంత?" అని అడిగాను. "ఎందుకు బిడ్డా, పింఛన్ కట్ చేస్తరా ఏంది?" అని ముఖం తిప్పుకుంది. ఆ రోజు ఇరవై మందిని అడిగితే పనికొచ్చే జవాబు ఒక్కటీ రాలేదు.

రెండో వారం కాగితాలు బ్యాగులో పెట్టేసి, ఆమె కింద పరిచిన పట్టా పక్కనే కూర్చున్నాను. "సోమవారం ఇక్కడ, మరి రేపెక్కడ పెద్దమ్మా?" అన్నాను. ఆమె వేళ్లు మడిచి వారం మొత్తం చెప్పింది. ఏ రోజు ఏ ఊరి సంత, ఆటోలో ఎవరెవరు కలిసి వస్తారు, మనిషికి ఎంత పడుతుంది, మూటలు రాత్రికి ఎవరింట్లో పెడతారు. పత్తి డబ్బులు చేతికొచ్చిన వారాల్లో ఏ సంత బాగా నడుస్తుందో అడక్కుండానే చెప్పింది. నా డిసర్టేషన్‌లోని ప్రధాన మ్యాపు ఆ పది నిమిషాల మాటల నుంచే వచ్చింది. క్రిస్టాలర్ 1933లో చెప్పిన కేంద్రస్థాన సిద్ధాంతంలో కొనేవాళ్లు కదులుతారు, మార్కెట్ ఒకచోట ఉంటుంది. ఇక్కడ మార్కెట్టే రోజుకో ఊరు తిరుగుతోంది. ఒక్కో ఊళ్లో రోజూ కొనేంత గిరాకీ లేదు కాబట్టి.

అందుకని ఆదాయం అడగకండి, పని అడగండి. ఎన్ని మూటలు, ఎన్ని ట్రిప్పులు, ఎన్ని రోజులు. లెక్క మీరు ఇంటికొచ్చాక కట్టుకోవచ్చు.

కులం గురించి అడగొచ్చా? ఇబ్బందిగా ఉంటుంది.

మన ఊళ్ల మ్యాపులో కులం దాచలేని విషయం. ఏ వాడ ఊరికి ఏ దిక్కున ఉంది, బోరు ఎవరి వీధిలో పడింది, బస్సు ఎక్కడ ఆగుతుంది అన్నవి కులాన్ని వదిలేసి రాస్తే అబద్ధం రాసినట్టే. కానీ గుమ్మంలో నిలబడగానే అడిగే ప్రశ్న మాత్రం కాదది. ముందు వాడల వారీగా సౌకర్యాలు మ్యాప్ చేయండి. ఇంటి స్థాయిలో అవసరమైతే చివర్లో, ఎందుకు అడుగుతున్నారో చెప్పి, ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదని కూడా చెప్పి అడగండి. మనుషుల పేర్లు రిపోర్టులో రాయకండి. చిన్న ఊళ్లో "కిరాణా కొట్టు నడిపే వితంతువు" అని రాసినా ఆమె ఎవరో అందరికీ తెలిసిపోతుంది. అలాంటి వివరాలు కూడా మార్చాలి.

ఎంతమందిని సర్వే చేస్తే సరిపోతుంది?

ఇంత అని ఒక అంకె లేదు. రెండు వందల ఇళ్ల ఊరైతే ప్రతి అయిదో ఇల్లు తీసుకుంటే నలభై వస్తాయి. అన్ని వాడలూ వచ్చాయా లేదా అన్నది అంకె కంటే ముఖ్యం. ఎలా ఎంచుకున్నారో, ఎన్ని ఇళ్లకు తాళం వేసి ఉందో కూడా రాయండి. వలసల మీద పనిచేస్తుంటే ఆ తాళాలే మీ డేటా.

సెన్సస్ 2011ది. పైగా జిల్లాలన్నీ మారిపోయాయి. ఎలా వాడాలి?

దీని దగ్గర చాలా ప్రాజెక్టులు తప్పిపోతాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్నవి 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. కొత్త మండలాలు కూడా వచ్చాయి. కాబట్టి జిల్లా అంకెను నేరుగా పోల్చకండి. గ్రామ స్థాయికి దిగండి. 2011 జాబితాలో ప్రతి గ్రామానికి ఆరంకెల కోడ్ ఉంటుంది. కొత్త మండలంలో ఏయే గ్రామాలు ఉన్నాయో చూసి, ఆ కోడ్‌ల అంకెలను కూడి కొత్త మండలం లెక్క మీరే కట్టుకోవాలి. ఓపిక కావాలి, ఒక మండలానికి ఒక సాయంత్రం పడుతుంది. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఆ వివరాలు గ్రామ స్థాయిలో చేతికొచ్చేదాకా 2011నే ఆధారం చేసుకుని, ఇప్పటి మార్పును మీ సర్వేతో చూపించండి.

అమ్మాయిలకు ఫీల్డ్ వర్క్ ఇబ్బంది కాదా?

ఇద్దరిద్దరుగా వెళ్లండి, చీకటి పడకముందే బస్సు ఎక్కండి, ఏ ఊరికి వెళ్తున్నారో ఇంట్లో, గైడ్‌కు చెప్పి వెళ్లండి. ఆశా కార్యకర్తతో పరిచయం చేసుకుంటే సగం పని అయినట్టే. నేను చూసినంతలో మంచి ఇంటి స్థాయి డేటా తెచ్చింది ఎక్కువగా అమ్మాయిలే. వాళ్లను వంటింటి దాకా పిలుస్తారు, మమ్మల్ని అరుగు మీదే కూర్చోబెడతారు.

## రాయడం, వైవా

అనుకున్నదొకటి, డేటా చెప్పేది ఇంకొకటి. మార్కులు పోతాయా?

పోవు. డేటాను మార్చితే మాత్రం పోతాయి, అది క్షమించే తప్పు కాదు. రోడ్డు పడితే వలస తగ్గుతుంది అనుకుని వెళ్లారు, పెరిగింది అని తేలింది అనుకోండి. అదే మీ అసలు ఫలితం. ఎందుకలా జరిగిందో రెండు మూడు కారణాలు రాసి, వాటిలో ఏది బలమైనదో మీ డేటాతో వాదించండి.

పరిచయం దగ్గరే ఆగిపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

అధ్యయన ప్రాంతం గురించిన అధ్యాయంతో మొదలుపెట్టండి. అది మీరు కళ్లారా చూసింది. తర్వాత మ్యాపులు, పట్టికలు పెట్టుకుని ఒక్కోదాని కింద రెండు పేరాలు రాయండి. పరిచయం చివర్లో రాయాలి. ఫీల్డ్ నోట్సు మాత్రం ఏ రోజుది ఆ రాత్రే రాయండి. మర్నాటికి మనుషుల మాటలు చెరిగిపోతాయి, మన మాటలే మిగులుతాయి.

వైవాలో (నోటి పరీక్షలో) ఏం అడుగుతారు?

"ఈ ఊరే ఎందుకు?", "ఈ ఇళ్లే ఎందుకు?", "ఈ మ్యాపు ఎవరు గీశారు?" ఈ మూడూ దాదాపు ప్రతిసారీ ఉంటాయి. సొంతంగా తిరిగినవాళ్లకు ప్రిపరేషన్ పెద్దగా అక్కర్లేదు. మ్యాపులో స్కేలు, ఉత్తర దిక్కు, సూచిక ఉన్నాయో లేదో ముందు రోజు చూసుకోండి.

## ఆ తర్వాత

ఆనర్స్ అయ్యాక పీజీ ఏడాదేనా? నెట్ (లెక్చరర్ ఉద్యోగానికి, పరిశోధన ఫెలోషిప్‌కు అర్హత పరీక్ష) రాయొచ్చా?

నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు ఏడాది పీజీ పెట్టుకోవచ్చని యూజీసీ చెప్పింది, కానీ అన్ని యూనివర్సిటీల్లో ఇంకా లేదు. 75 శాతం ఉంటే నాలుగేళ్ల డిగ్రీతోనే పీహెచ్‌డీకి అర్హత ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. 2024 నుంచి అలాంటివాళ్లు నెట్ కూడా రాస్తున్నారు. జాగ్రఫీ సబ్జెక్ట్ కోడ్ 80.

విదేశాల్లో ఆనర్స్ అన్నా ఇదేనా?

కాదు. ఇంగ్లండ్‌లో సాధారణంగా మూడేళ్లలోనే ఆనర్స్ డిగ్రీ వస్తుంది, స్కాట్లండ్‌లో నాలుగేళ్లు. ఆస్ట్రేలియాలో మూడేళ్ల డిగ్రీ తర్వాత ప్రత్యేకంగా చదివే ఏడాదిని ఆనర్స్ అంటారు. అప్లికేషన్‌లో మీ క్రెడిట్లు, డిసర్టేషన్ వివరాలు స్పష్టంగా రాయండి.

సివిల్స్‌కు పనికొస్తుందా?

ఆప్షనల్‌గా జాగ్రఫీ తీసుకుంటే 250 మార్కుల పేపర్లు రెండు. మొదటి పేపర్లో రెండో భాగం మొత్తం మానవ భూగోళమే, రెండో పేపర్ భారత భూగోళం. జనరల్ స్టడీస్‌లోనూ జాగ్రఫీ ఉంది. గ్రూప్స్‌కు కూడా ఉపయోగమే. కానీ సివిల్స్ కోసమే ఆనర్స్ చేయకండి. అలా వచ్చినవాళ్లు ఫీల్డ్ వర్క్‌ను భారంగా చూస్తారు, చివరికి రెండూ సగంలోనే ఆగిపోతాయి.

"జాగ్రఫీ చదివి ఏం చేస్తావు?" అని ఇంట్లో అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బీటెక్‌లా క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉండవు. బీఎడ్ చేస్తే సోషల్ టీచర్‌గా డీఎస్సీ రాయొచ్చు. జీఐఎస్ చేతిలో ఉంటే హైదరాబాద్‌లో మ్యాపింగ్ కంపెనీలు ఉన్నాయి, మొదటి జీతాలు పెద్దవి కావు. సర్వేలు చేసే స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన ప్రాజెక్టులు ఫీల్డ్ అనుభవం ఉన్నవాళ్లను అడుగుతాయి. ప్లానింగ్ పీజీలకు కొన్ని సంస్థలు జాగ్రఫీ పీజీ చేసినవాళ్లను తీసుకుంటాయి.

మా నాన్నకు నేను ఇవేవీ చెప్పలేదు. నేను గీసిన మా ఊరి మ్యాపు తీసుకెళ్లి ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, చెరువు కింది కాలువ ఒకటి నేను తప్పుగా గీశానని పెన్ను తీసుకుని సరిచేశారు.